ఇంటి కంప్యూటర్‌ను శుభ్రం చేసే ఉచిత సాఫ్ట్‌వేర్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ జవాబులు విండోస్ 10, విండోస్ 11 ఉన్న ఇంటి కంప్యూటర్ల కోసం. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్‌లో వీటిలో ఏదీ ఇన్‌స్టాల్ చేయకండి. అక్కడ ఆఫీసు ఐటీ వాళ్లను అడిగే చేయాలి.

సీ డ్రైవ్ ఎర్రగా కనిపిస్తోంది. ఏ క్లీనర్ వేసుకోవాలి?

ఇప్పుడే ఏదీ వద్దు. డ్రైవ్‌లో ఖాళీ పది శాతం కంటే తగ్గగానే విండోస్ ఆ పట్టీని ఎర్రగా చూపిస్తుంది. ఆ చోటంతా ఏది తినేసిందో చూడకుండా క్లీనర్ నడిపితే అది రెండు మూడు జీబీల టెంపరరీ ఫైళ్లు తీసేసి "అంతా శుభ్రం" అంటుంది. డౌన్‌లోడ్స్‌లో పడున్న 40 జీబీల పెళ్లి వీడియో మాత్రం కదలదు. వారం తిరిగేసరికి పట్టీ మళ్లీ ఎరుపెక్కుతుంది.

అందుకే ముందు కొలవండి. దీనికి విజ్‌ట్రీ చాలా బాగుంటుంది, సొంత వాడకానికి ఉచితం. విండోస్ తన ఫైళ్ల చిట్టాను ఒక పట్టికలో రాసి పెట్టుకుంటుంది. విజ్‌ట్రీ ఒక్కో ఫోల్డర్‌లోకి వెళ్లి లెక్కపెట్టకుండా నేరుగా ఆ పట్టికనే చదువుతుంది కాబట్టి లక్షల ఫైళ్లున్నా కొద్ది సెకన్లలో పని అయిపోతుంది. అడ్మినిస్ట్రేటర్ అనుమతి అడుగుతుంది, ఇవ్వండి. అదే పని చేసే విన్‌డర్‌స్టాట్ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. ట్రీసైజ్ ఫ్రీ కూడా నమ్మదగినదే. మూడింట్లో ఒక్కటి చాలు.

స్కాన్ అయ్యాక పెద్ద ఫోల్డర్లు పై వరుసలో వస్తాయి. ఎక్కువ ఇళ్లలో కనిపించేవి ఇవే: యూజర్స్ ఫోల్డర్‌లో డౌన్‌లోడ్స్, ఫోన్ నుంచి రెండేసి మూడేసి సార్లు కాపీ చేసిన ఫోటోలు, వాట్సాప్ వీడియోలు, ఎప్పుడో ఆడి మానేసిన గేమ్. వీటిని చూసి తీసేయాల్సింది మీరే. మనవడి మొదటి పుట్టినరోజు వీడియో ఏదో, నాలుగుసార్లు వచ్చిన గుడ్ మార్నింగ్ వీడియో ఏదో ఏ సాఫ్ట్‌వేర్‌కూ తెలియదు.

ఇంకో అనుమానం కూడా తరచుగా వస్తుంది: 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) కొంటే 238 మాత్రమే చూపిస్తోందేమిటని. ఎవరూ కాజేయలేదు. తయారీదారు ఒక జీబీని 100 కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు. విండోస్ 1024ను మూడుసార్లు గుణించి లెక్కిస్తుంది. తేడా అక్కడే వస్తుంది.

హైబర్‌ఫిల్, పేజ్‌ఫైల్, విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ అని పెద్ద పెద్దవి కనిపిస్తున్నాయి. తీసేయవచ్చా?

విన్‌ఎస్‌ఎక్స్‌ఎస్ ఫోల్డర్‌లో చేయి పెట్టొద్దు. విండోస్ భాగాలన్నీ అక్కడే ఉంటాయి. పైగా అందులోని చాలా ఫైళ్లు వేరే ఫోల్డర్లలో కనిపించే ఫైళ్లే, రెండు పేర్లతో ఒకే ఫైలు. అందుకే అది అసలు ఉన్నదానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. అందులో నిజంగా పాతబడ్డవాటిని డిస్క్ క్లీనప్‌లోని "విండోస్ అప్‌డేట్ క్లీనప్" తీసేస్తుంది.

పేజ్‌ఫైల్ ర్యామ్ చాలనప్పుడు వాడే చోటు, దాన్ని అలాగే ఉంచండి. హైబర్‌ఫిల్ హైబర్నేట్ కోసం, అంటే తెరిచిన పనులను డిస్క్ మీద దాచి కంప్యూటర్‌ను ఆపడం కోసం ఉన్న ఫైలు. సాధారణంగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, అంటే 8 జీబీ ర్యామ్‌కు సుమారు 3.2 జీబీ. డెస్క్‌టాప్‌లో హైబర్నేట్ వాడకపోతే అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కమాండ్ ప్రాంప్ట్‌లో "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్" అని ఇంగ్లిష్ అక్షరాల్లో (powercfg /h off) కొడితే అది పోతుంది. దాంతోపాటు త్వరగా ఆన్ అయ్యే ఫాస్ట్ స్టార్టప్ సదుపాయం కూడా పోతుంది. ల్యాప్‌టాప్‌లో మాత్రం ఉంచుకోవడమే మేలు.

విండోస్‌తో వచ్చిన సదుపాయాలు సరిపోవా?

పదిమందిలో తొమ్మిదిమందికి సరిపోతాయి. సెట్టింగ్స్, సిస్టమ్, స్టోరేజ్, టెంపరరీ ఫైల్స్ అనే దారిలో వెళ్లండి. ఒక నిమిషం లెక్కపెట్టి జాబితా చూపిస్తుంది. విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైళ్లు, టెంపరరీ ఇంటర్నెట్ ఫైళ్లు, థంబ్‌నెయిల్స్ నిశ్చింతగా తీసేయవచ్చు. థంబ్‌నెయిల్స్ తీసేస్తే ఫోటోలేమీ పోవు. ఫోల్డర్ తెరిచినప్పుడు చిన్న బొమ్మలు మళ్లీ తయారవడానికి కాస్త సమయం పడుతుంది, అంతే.

ఆ జాబితాలోనే "డౌన్‌లోడ్స్" అనే వరుస కూడా ఉంటుంది. బటన్ నొక్కే ముందు దాని పక్కన టిక్ లేదని కళ్లారా చూసుకోండి. ఆధార్ పీడీఎఫ్, పిల్లల హాల్ టికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, మీసేవ సర్టిఫికెట్ అన్నీ ఉండేది ఆ ఫోల్డర్‌లోనే.

"ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" కనిపిస్తే ఈ మధ్యే పెద్ద అప్‌డేట్ వచ్చిందన్నమాట. అది పాత విండోస్‌కు వెనక్కి వెళ్లే దారి. పది రోజులయ్యాక విండోసే తీసేస్తుంది. ప్రింటర్, స్కానర్, ట్యాలీ అన్నీ సరిగ్గా పనిచేస్తున్నాయని చూసుకునేదాకా ఆగండి.

స్టోరేజ్ పేజీలో స్టోరేజ్ సెన్స్ ఆన్ చేస్తే ఈ పని దానంతటదే జరుగుతుంది. రీసైకిల్ బిన్‌కు 30 రోజులు, డౌన్‌లోడ్స్‌కు "నెవర్" అని పెట్టుకోండి.

వన్‌డ్రైవ్ ఫోల్డర్ తీసేస్తే చోటు వస్తుందా?

వస్తుంది, కానీ ఫైళ్లూ పోతాయి. ఆ ఫోల్డర్‌లో డిలీట్ చేసింది క్లౌడ్‌లోనూ, అదే ఖాతా ఉన్న మిగతా కంప్యూటర్లలోనూ డిలీట్ అవుతుంది. కావలసింది చోటే అయితే ఫోల్డర్ మీద కుడి క్లిక్ చేసి "ఫ్రీ అప్ స్పేస్" నొక్కండి. ఫైలు క్లౌడ్‌లో ఉంటుంది, ఇక్కడ పేరు మాత్రం మిగులుతుంది. మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మీకు తెలియకుండానే వన్‌డ్రైవ్‌లోకి చేరి ఉండవచ్చు కాబట్టి ఏదైనా తీసేసే ముందు పై అడ్రస్ పట్టీలో వన్‌డ్రైవ్ పేరు ఉందేమో చూడండి.

సీక్లీనర్ వాడొచ్చా?

వాడేవాళ్లు దాని చరిత్ర తెలుసుకుని వాడాలి. 2017 ఆగస్టులో విడుదలైన 5.33 వెర్షన్‌లోకి, తయారీ దశలోనే దుండగులు హానికర కోడ్ చొప్పించారు. కంపెనీ సొంత సైటు నుంచి, సరైన డిజిటల్ సంతకంతో వచ్చిన ఫైలే అది. సుమారు 22.7 లక్షల కంప్యూటర్లలోకి చేరాక సెప్టెంబరులో బయటపడింది. తర్వాతి వెర్షన్లలో ఆ కోడ్ లేదు. దీని నుంచి గ్రహించాల్సింది ఒకటుంది: కంప్యూటర్ మీద పూర్తి అధికారం అడిగే సాఫ్ట్‌వేర్ ఎన్ని తక్కువ ఉంటే అంత మంచిది.

ఇప్పటికే ఉంటే "హెల్త్ చెక్" వదిలేసి "కస్టమ్ క్లీన్"లోకి వెళ్లండి. ముందు "అనలైజ్" నొక్కి ఏమేం పోతాయో చదివాకే "రన్ క్లీనర్". బ్రౌజర్ వరుసలో కుకీల టిక్ ఉంటే జీమెయిల్, బ్యాంకు, అన్ని సైట్లలో మళ్లీ లాగిన్ కావాలి. ఇంట్లో పెద్దవాళ్లు పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోకుండా ఎప్పుడూ లాగిన్ అయి ఉన్న కంప్యూటర్‌లో అయితే ఆ టిక్ తీసేయండి.

మరి ఉచితంగా, ప్రకటనల గొడవ లేకుండా ఏదుంది?

బ్లీచ్‌బిట్. ఓపెన్ సోర్స్, విండోస్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. డబ్బు కట్టమని అడగదు, పక్కన ఇంకో సాఫ్ట్‌వేర్ అంటించదు. ఇన్‌స్టాల్ చేయకుండా పెన్‌డ్రైవ్ నుంచి నడిపే పోర్టబుల్ వెర్షన్ కూడా ఉంది. దాని మీద మా నమ్మకం ఎక్కువే, అయితే అది కత్తిలాంటిది. ఎడమవైపు ప్రతి టిక్‌కూ అర్థం ఉంది. టిక్ పెట్టగానే హెచ్చరిక వస్తే చదవకుండా ఓకే కొట్టొద్దు.

బ్రౌజర్లన్నీ మూసేయండి. తెరిచి ఉంటే వాటి ఫైళ్లు విండోస్ పట్టులో ఉండి డిలీట్ కావు, ఎర్రర్లు వస్తాయి. క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ కింద "క్యాష్" (సైట్లు త్వరగా తెరవడానికి దాచుకున్న కాపీలు) ఒక్కటే టిక్ చేయండి. "పాస్‌వర్డ్స్" ముట్టుకోవద్దు. సిస్టమ్ కింద టెంపరరీ ఫైళ్లు, రీసైకిల్ బిన్ చాలు. "ఫ్రీ డిస్క్ స్పేస్" పేరు చూసి చోటు ఖాళీ చేస్తుందనుకుంటారు. అది చేసేది ఖాళీగా ఉన్న చోటంతా తిరిగి రాయడం, పాత ఫైళ్ల జాడ దొరక్కుండా. గంటలు పడుతుంది, ఒక్క ఎంబీ కూడా కొత్తగా రాదు, ఎస్‌ఎస్‌డీకి అనవసరపు అరుగుదల. కంప్యూటర్ అమ్మేటప్పుడు తప్ప దాని పని లేదు. తర్వాత "ప్రివ్యూ" నొక్కి జాబితా చూసి, అప్పుడు "క్లీన్". ఇది తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు.

రిజిస్ట్రీ క్లీనర్ 1,200 తప్పులు చూపించింది. సరిచేయాలా?

వద్దు. రిజిస్ట్రీ అంటే విండోస్, సాఫ్ట్‌వేర్ల సెట్టింగ్‌లు రాసి ఉండే చిట్టా. అది చూపించినవి తప్పులు కావు, ఎప్పుడో తీసేసిన సాఫ్ట్‌వేర్లు వదిలిన వరుసలు. అన్నీ కలిపినా కొన్ని వందల కేబీలే. విండోస్ తనకు కావలసిన వరుసను పేరు పెట్టి వెతుక్కుంటుంది, మొత్తం చదువుకుంటూ పోదు. కాబట్టి అవి ఉన్నా వేగం తగ్గదు, తీసేసినా పెరగదు. రిజిస్ట్రీ క్లీనర్లకు తాము మద్దతివ్వమని మైక్రోసాఫ్టే స్పష్టంగా చెప్పింది.

నష్టం మాత్రం నిజం. "వాడని ఫైల్ ఎక్స్‌టెన్షన్", "దొరకని ఫాంట్" అంటూ తీసేస్తే ఒక రకం ఫైళ్లు డబుల్ క్లిక్‌కు తెరుచుకోవు, పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ ఫాంట్ దొరకలేదని మొరాయిస్తుంది. ఏ వరుస పోవడం వల్ల ఇలా అయిందో కనుక్కోవడం దాదాపు అసాధ్యం. ఇప్పటికే చేసేసి ఉంటే, క్లీనర్ దాచిన బ్యాకప్ ఫైలు మీద డబుల్ క్లిక్ చేసి వెనక్కి తెచ్చుకోండి. అది లేకపోతే సిస్టమ్ రీస్టోర్ పాయింట్ ఉందేమో చూడండి.

చోటు చాలా ఉంది. అయినా ఆన్ చేశాక పది నిమిషాలు కదలదు. ఎందుకు?

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో డిస్క్ 100 శాతం దగ్గర అతుక్కుపోయి, పక్కన హెచ్‌డీడీ అని ఉంటే కారణం దొరికినట్టే. తిరిగే హార్డ్‌డిస్క్ మీద ఇప్పటి విండోస్ ఈడ్చుకుంటూ నడుస్తుంది. దానికి ఏ క్లీనర్ మందూ లేదు. ఎస్‌ఎస్‌డీ వేయించండి. పాత హార్డ్‌డిస్క్‌ను ఫోటోలకు వాడుకోవచ్చు. ర్యామ్ 4 జీబీయే ఉండి మెమరీ 90 శాతం దాటితే ర్యామ్ పెంచాలి. "ర్యామ్ బూస్టర్లు" చేసే పని, నడుస్తున్న ప్రోగ్రాముల మెమరీని బలవంతంగా డిస్క్ మీదికి నెట్టడం. మీటర్‌లో ఖాళీ కనిపిస్తుంది, మళ్లీ ఆ ప్రోగ్రామ్ తెరిచినప్పుడు అదంతా డిస్క్ నుంచి తిరిగి లాగాలి. ఉన్నదానికంటే నెమ్మదిస్తుంది.

పెర్ఫార్మెన్స్‌లోనే సీపీయూ మీద నొక్కి "అప్ టైమ్" చూడండి. రోజూ షట్ డౌన్ చేస్తున్నా అక్కడ పన్నెండు రోజులని ఉంటే ఆశ్చర్యపోకండి. ఫాస్ట్ స్టార్టప్ ఉన్నప్పుడు షట్ డౌన్ నొక్కితే విండోస్ లోపలి భాగం డిస్క్ మీద దాచుకుని మరుసటి రోజు అక్కడి నుంచే లేస్తుంది. నిజంగా కొత్తగా మొదలయ్యేది "రీస్టార్ట్" నొక్కినప్పుడే. వారానికోసారి రీస్టార్ట్ చేస్తే చాలా చికాకులు పోతాయి.

ఇక "స్టార్టప్" ట్యాబ్. ఇంపాక్ట్ "హై" అని ఉన్నవాటిలో అవసరం లేనివాటిని కుడి క్లిక్ చేసి "డిజేబుల్" చేయండి. గేమ్ లాంచర్లు, మీటింగ్ యాప్‌లు, పాటల యాప్‌లు ఆపితే ఏమీ కాదు, కావలసినప్పుడు తెరుచుకుంటాయి. టచ్‌ప్యాడ్, ఆడియో, సెక్యూరిటీ అన్నవి ఉంచండి. తెలుగు టైపింగ్‌కు అను స్క్రిప్ట్ మేనేజర్‌లాంటిది వాడుతుంటే అది కూడా ఈ జాబితాలో ఉండొచ్చు. ఆపేసి, కీబోర్డు పాడైందని కంగారు పడేవాళ్లున్నారు. ఇంకా లోతుగా చూడాలంటే మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వారి ఆటోరన్స్ ఉంది. దానిలో పేరు తెలియనిదాన్ని డిలీట్ చేయకుండా టిక్ మాత్రమే తీయండి, తేడా వస్తే మళ్లీ పెట్టుకోవచ్చు.

డీఫ్రాగ్ చేయాలా?

డీఫ్రాగ్ అంటే డిస్క్‌లో ముక్కలుగా పడున్న ఫైళ్లను ఒకచోట చేర్చడం. ఎస్‌ఎస్‌డీకి అది అవసరం లేదు. విండోస్‌లోని "ఆప్టిమైజ్ డ్రైవ్స్" వారానికోసారి తనే ఎస్‌ఎస్‌డీకి ట్రిమ్ (డిలీట్ చేసిన ఫైళ్ల చోటు ఖాళీ అని డ్రైవ్‌కు చెప్పడం), హార్డ్‌డిస్క్‌కు డీఫ్రాగ్ చేస్తుంది. వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

డిస్క్ పాడవుతోందేమో ఎలా తెలుస్తుంది?

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్‌తో. ఈ పేజీలో ఒక్కటే వేసుకోమంటే ఇదే వేసుకోమంటాం. తెరవగానే ఎడమవైపు రంగు పలక: నీలమైతే బాగుంది, పసుపైతే జాగ్రత్త, ఎరుపైతే ప్రమాదం. హార్డ్‌డిస్క్ అయితే పలకతో ఆగకుండా కింది పట్టికలో మూడు వరుసలు చూడండి. 05 అన్నది పాడై పక్కన పెట్టిన సెక్టార్లు (డిస్క్‌లోని చిన్న భాగాలు), సీ5 చదవలేక అనుమానంలో ఉంచినవి, సీ6 ఇక సరిచేయలేనివి. మూడింటికీ చివరి గడిలో సున్నాలుండాలి. ఆ అంకెలు మొదట హెక్స్‌లో (అక్షరాలూ కలిసిన అంకెల పద్ధతిలో) ఉంటాయి. ఫంక్షన్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఫీచర్, రా వాల్యూస్, 10 డెసిమల్ అని మారిస్తే మామూలు అంకెల్లో చదవొచ్చు.

సీ5 వరుస పెరుగుతూ పోతుంటే, డ్రైవ్ నుంచి టిక్ టిక్‌మని శబ్దం వస్తుంటే, క్లీనర్, డీఫ్రాగ్, చెక్ డిస్క్ ఏదీ నడపొద్దు. అవన్నీ డ్రైవ్‌ను గంటల తరబడి అటూ ఇటూ పరుగెత్తిస్తాయి, మిగిలిన ఊపిరి కూడా పోతుంది. ముందు ఫోటోలు, తర్వాత డాక్యుమెంట్లు, ఆ తర్వాతే సినిమాలు అనే వరుసలో వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

డ్రైవర్ అప్‌డేటర్లు?

వద్దు. "17 డ్రైవర్లు పాతబడ్డాయి" అని భయపెట్టి డబ్బు అడుగుతాయి. ఒక్కోసారి మీ మోడల్‌కు సరిపోని వై-ఫై, టచ్‌ప్యాడ్ డ్రైవర్ వేసేస్తాయి. విండోస్ అప్‌డేట్‌లోని "ఆప్షనల్ అప్‌డేట్స్" చూడండి. లేదంటే ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరుతో తయారీ కంపెనీ సైటుకే వెళ్లండి.

"మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు" అని స్క్రీన్ మూలన వస్తూనే ఉంది. ఏ క్లీనర్‌తో పోతుంది?

చాలాసార్లు అక్కడ వైరసే ఉండదు. ఏదో సైటులో "అలౌ" నొక్కినందుకు వస్తున్న బ్రౌజర్ నోటిఫికేషన్ అది. ఆ పెట్టెలో చిన్న అక్షరాల్లో క్రోమ్ అని, ఒక సైటు పేరు ఉంటాయి, గమనించండి. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి తెలియని సైట్లన్నీ తీసేయండి. అక్కడితో ఆగిపోతుంది.

ఆగకపోతే, ప్రకటనలు చూపించే అనవసర సాఫ్ట్‌వేర్లను తీసేసే యాడ్‌వ్‌క్లీనర్ నడపండి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, రెండు మూడు నిమిషాల్లో ముగుస్తుంది. చివర "ప్రీఇన్‌స్టాల్డ్ సాఫ్ట్‌వేర్" అని ల్యాప్‌టాప్ కంపెనీ వాటిని కూడా చూపిస్తే టిక్ చేయకుండా వదిలేయండి. వాటిలో ఫంక్షన్ కీలను నడిపించేవి ఉండొచ్చు. మాల్‌వేర్‌బైట్స్ ఉచిత వెర్షన్ మొదటి 14 రోజులు ప్రీమియంలా నడిచి తర్వాత మీరు అడిగినప్పుడే స్కాన్ చేస్తుంది, అది చాలు. మైక్రోసాఫ్ట్ సేఫ్టీ స్కానర్ డౌన్‌లోడ్ చేసిన పది రోజులకు చెల్లదు, ప్రతిసారీ కొత్తది దించుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2017లో మొదలుపెట్టిన సైబర్ స్వచ్ఛతా కేంద్ర సైటులో కూడా ఉచిత బాట్ రిమూవల్ టూల్స్ (కంప్యూటర్‌ను దొంగచాటుగా నడిపే వైరస్‌లను తీసేసేవి) ఉన్నాయి. రోజూ కాపలాకు విండోస్ డిఫెండర్ చాలు. రెండు యాంటీవైరస్‌లు ఒకేసారి నడపొద్దు.

స్క్రీన్ మీద ఫోన్ నంబరు ఇచ్చి కాల్ చేయమంటే అది మోసం. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఇవ్వదు. మీ కంప్యూటర్‌ను దూరం నుంచి నడిపే ఎనీడెస్క్ లాంటివి వేయించి బ్యాంకు ఖాతా ఖాళీ చేస్తారు. డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

జిరాక్స్ షాపులో పెట్టిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లయ్యాయి. ఫార్మాట్ చేయాలా?

చేయొద్దు, ఫైళ్లు అక్కడే ఉన్నాయి. వైరస్ వాటిని దాచి, వాటి పేరుతో షార్ట్‌కట్‌లు పెట్టింది. ఏ షార్ట్‌కట్‌నూ నొక్కకండి, నొక్కితే మీ కంప్యూటర్‌లోకీ వస్తుంది. డ్రైవ్ మీద కుడి క్లిక్ చేసి డిఫెండర్‌తో స్కాన్ చేయించండి. తర్వాత ఫైల్ ఎక్స్‌ప్లోరర్ ఆప్షన్స్‌లో వ్యూ ట్యాబ్‌కు వెళ్లి "షో హిడెన్ ఫైల్స్" ఎంచుకుని, "హైడ్ ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్" టిక్ తీయండి. మసకగా ఫోల్డర్లు బయటపడతాయి. కొన్నిసార్లు పేరే లేని ఒక్క ఫోల్డర్‌లో అన్నీ ఉంటాయి. కావలసినవి కంప్యూటర్‌లోకి కాపీ చేసుకున్నాక పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసి, ఆ టిక్ మళ్లీ పెట్టేయండి.

డౌన్‌లోడ్ ఎక్కడి నుంచి చేయాలి?

తయారు చేసినవాళ్ల సొంత సైటు, లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్. వెతికినప్పుడు పైన వచ్చే మొదటి లింకు ప్రకటన కావచ్చు, దాన్ని దాటి కిందికి రండి. పెద్ద ఆకుపచ్చ "డౌన్‌లోడ్" బటన్లు మూడు ఉంటే అందులో రెండు ప్రకటనలని అనుమానించండి. ఫైలు మీద కుడి క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్‌లో తయారీదారు పేరు చూడండి. అనుమానముంటే వైరస్‌టోటల్‌లో ఎక్కించండి, పదుల కొద్దీ యాంటీవైరస్‌లు ఒకేసారి పరీక్షిస్తాయి. అయితే సొంత పత్రాలు అందులో ఎక్కించవద్దు, ఎక్కించినది ఇతరులకూ అందుతుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు "కస్టమ్" ఎంచుకుని అదనపు టిక్‌లు తీసేయండి. క్రాక్ చేసిన ప్రీమియం క్లీనర్ ఎవరిచ్చినా వద్దు.

విండోసే దెబ్బతిన్నట్టుంది, మెనూలు తెరుచుకోవట్లేదు. ఏం చేయాలి?

కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి రెండు ఆదేశాలు, ఇంగ్లిష్ అక్షరాల్లో, ప్రతి వాలు గీతకు ముందు ఒక ఖాళీ ఉంచి. మొదటిది: డిఐఎస్‌ఎం /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రీస్టోర్‌హెల్త్ (DISM /Online /Cleanup-Image /RestoreHealth). దీనికి నెట్ కావాలి. ఒక అంకె దగ్గర చాలాసేపు నిలిచిపోయినట్టుంటుంది, మూసేయకండి. రెండోది: ఎస్‌ఎఫ్‌సి /స్కాన్‌నౌ (sfc /scannow). మొదటిది మరమ్మతు సామగ్రిని బాగుచేస్తుంది, రెండోది ఆ సామగ్రితో పాడైన ఫైళ్లను మారుస్తుంది. అందుకే ఈ వరుసలోనే చేయాలి. తర్వాత రీస్టార్ట్.

క్లీనర్ ఫోటోలు తీసేసింది. తిరిగి వస్తాయా?

ముందు రీసైకిల్ బిన్, ఆ తర్వాత వన్‌డ్రైవ్ సైటులోని రీసైకిల్ బిన్, ఫోన్‌లో గూగుల్ ఫోటోస్ చూడండి. లేకపోతే ఆ కంప్యూటర్ వాడకం వెంటనే ఆపేయండి. హార్డ్‌డిస్క్‌లో డిలీట్ చేసిన ఫైలు, దాని మీద మరొకటి రాసేదాకా అక్కడే ఉంటుంది. ఎస్‌ఎస్‌డీలో ట్రిమ్ వల్ల త్వరగానే చెరిగిపోతుంది, ఆశ తక్కువ. హార్డ్‌డిస్క్‌ను తీసి వేరే కంప్యూటర్‌కు తగిలించి, అక్కడ రెకూవా గానీ, ఓపెన్ సోర్స్‌లో ఫోటోరెక్ గానీ నడపండి. ఫోటోరెక్ ఫైలు పేర్లు తేలేదు, వేల ఫోటోలు అంకెల పేర్లతో వస్తాయి, ఓపిగ్గా చూసుకోవాలి. దొరికినవాటిని అదే డిస్క్‌లో సేవ్ చేయొద్దు, ఇంకా దొరకాల్సినవాటి మీద రాసేస్తుంది.